పూజలో పెట్టిన అర్జీ

పోలీసు శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను గాని ఒక్కనాడూ లాఠీ పట్టలేదు, ఖాకీ తొడగలేదు. జిల్లా పోలీసు ఆఫీసులో గుమాస్తాను. అయినా మా ఊళ్ళో బస్సు దిగితే బీడీలు కాలుస్తున్నవాళ్ళు చటుక్కున చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళు. ఆ మర్యాద నాకు కాదని, మా ఆఫీసుకని తెలుసు. తెలిసినా వద్దనబుద్ధి కాలేదు. ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న మీలాంటివాళ్ళు అడిగితే నేను చేసిన ఘనకార్యాలు చెప్పాలని నాకూ ఉంటుంది. కానీ ఎంత వెతికినా జ్ఞాపకంలో ముందుగా చేతికి తగిలేది నేను చేసిన ఒక తప్పే. అదే చెబుతాను.

ఎనభైలలో కరీంనగర్‌లో నాకు ఇచ్చిన సీటు పేరు ఫారినర్స్ సెక్షను. పేరుకు పెద్దదే గాని అదొక టేబులు, ఒక బీరువా, ఊగే స్టూలు. పై దేశంవాళ్ళెవరైనా మన జిల్లాలో ఉండి పనిచేయాలంటే వచ్చిన పద్నాలుగు రోజుల్లో ఎస్పీ ఆఫీసులో పేరు రాయించుకోవాలి. ఏ పనికని వీసా తెచ్చుకున్నారో ఆ పనే చేయాలి. ఇల్లు మారితే చెప్పాలి. గడువు తీరకముందే పొడిగింపుకు అర్జీ పెట్టుకోవాలి. మేము విచారించి, ఎస్పీ సిఫారసుతో ఆ అర్జీని హైదరాబాదు పంపితే అది ఢిల్లీ దాకా పోయి వచ్చేది.

అదే గదిలో అవతలి టేబులు పాస్‌పోర్టు ఎంక్వైరీలది. దాని ముందు పొద్దున్నుంచి జనం. జగిత్యాల, సిరిసిల్ల, ధర్మపురి దిక్కు నుంచి దుబాయికి, మస్కట్‌కు పోవాలనుకునేవాళ్ళు బారులు తీరి నిలబడేవాళ్ళు. నా టేబులు ముందు ఈగలు. బొగ్గు గనుల్లో మిషన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీర్లు అప్పుడప్పుడు జీపులో వచ్చి, ఉక్కపోతకు ముఖాలు ఎర్రగా చేసుకుని, సంతకాలు పెట్టి పోయేవాళ్ళు. వాళ్ళు కాక ఏటా తప్పకుండా వచ్చే మనిషి ఒక్కతే ఉండేది.

ఆమె స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన నర్సు. ధర్మపురి దారిలో, గోదావరికి దగ్గరగా ఒక ట్రస్టువాళ్ళు నడిపే కుష్ఠు ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నది. తెల్ల నూలు చీర, రబ్బరు చెప్పులు, చంకలో గొడుగు. అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆమె తెలుగు నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, పేషెంట్ల దగ్గర. అందుకని ఆమె నోరు విప్పితే పాస్‌పోర్టు లైన్లో నిలబడ్డవాళ్ళంతా వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

"ఏం సారు, మంచిగున్నరా? పోయిన పారి మోకాలు నొస్తున్నదంటిరి, తక్కువైందా?" అని అడిగేది. అవతలి లైన్లో ఒకడు నవ్వు ఆపుకోలేక, "అమ్మా, నీ పాస్‌పోర్టు నాకియ్యి, నాది నువ్వు తీసుకో. ఇద్దరి పని అయిపోతది" అన్నాడొకసారి. ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది.

ఆ ఏడు దసరా ముందు, ఆయుధపూజ రోజు మధ్యాహ్నం వచ్చింది. డిసెంబరు ఆఖరుకు ఆమె గడువు తీరిపోతుంది. ఎప్పటిలాగే రెండు నెలల ముందే అర్జీ, ఫొటోలు, ట్రస్టు లెటరు అన్నీ పిన్ను కొట్టి తెచ్చింది.

ఇక్కడ మా ఆఫీసు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఆయుధపూజకు పోలీసులు తుపాకులు కడిగి బొట్లు పెడితే, తుపాకి లేని మేము మా ఆయుధాలకు బొట్లు పెట్టేవాళ్ళం. టైపు మిషను, రబ్బరు స్టాంపులు, ఇన్వర్డు రిజిస్టరు. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసే పుస్తకమే ఇన్వర్డు రిజిస్టరు. సర్కారు రూలు ఏదైనా గానీ, మా సెక్షన్‌లో మాత్రం దసరాకు పాత ఇన్వర్డు మూసి, పసుపు కుంకుమలు పెట్టి పూజలో ఉంచేవాళ్ళం. పండుగ మరునాడు కొత్త పుస్తకం తెరిచి మొదటి నంబరు వేసేవాళ్ళం. పాతది ఎర్రగుడ్డలో కట్టి రికార్డు గదిలోకి పోయేది.

ఆమె వచ్చేసరికి పూజ మొదలైంది. పుస్తకం మూసేశాను. నంబరు లేనిది రసీదు ఇవ్వలేను.

"రేపెల్లుండి వచ్చి రసీదు తీసుకపోనా సారు?" అంది.

"అంతదూరం నుంచి రసీదు కోసం వస్తవా సిస్టరమ్మా? నేను లేనా? ఫికర్ చేయకు. కొత్త పుస్తకంల మొదటి నంబరు నీదే" అన్నాను.

అని ఊరుకున్నా బాగుండేది. నాకు ఆమె మీద ఉన్న గౌరవం కొద్దీ, ఈమె పని నిర్విఘ్నంగా జరగాలని, ఆ అర్జీని పాత ఇన్వర్డు మొదటి పేజీలో పెట్టి అమ్మవారి పటం ముందుంచాను. పైన నేనే కుంకుమ చల్లాను. పండుగ మూడు రోజులు ఊరికి పోయాను. తిరిగొచ్చేసరికి కొత్త పుస్తకం టేబులు మీద ఉంది. దాని మీద ఇరవై దాకా కాగితాలు పేరుకుని ఉన్నాయి. నంబర్లు వేసుకుంటూ పోయాను. మొదటి నంబరు బొగ్గు గనుల ఇంజనీరుకు పడింది. ఆమె అర్జీ నా తలలో 'పంపిన కాగితాల' కింద చేరిపోయింది. ఎట్లా చేరిందంటే చెప్పలేను.

డిసెంబరులో ఆమె ఒకసారి కనుక్కుంది. ప్రతి ఏటా ఆర్డరు ఆలస్యంగానే వచ్చేది, ఒక్కోసారి గడువు దాటి నెలకు. "పైకి పోయింది, వస్తది" అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు.

జనవరిలో హైదరాబాదు నుంచి మెమో వచ్చింది. ఫలానా విదేశీయురాలి నుంచి పొడిగింపు అర్జీ అందలేదు, గడువు దాటి ఉంటున్నారు, కనుక పదిహేను రోజుల్లో దేశం విడిచి పోవాలని నోటీసు ఇచ్చి, ఇచ్చినట్టు రిపోర్టు పంపండి. పైకి పంపిన కాగితాలు రాసే డిస్పాచ్ పుస్తకం తిరగేశాను. లేదు. కొత్త ఇన్వర్డు తిరగేశాను. అందులోనూ లేదు.

పోయి మళ్ళీ వీసా తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. ఆ రోజుల్లో ఇలాంటి ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకు కొత్త వీసాలు ఇవ్వడం దాదాపు మానేశారు. పాతవాళ్ళకు పొడిగింపులే తప్ప, ఒకసారి గడప దాటితే తిరిగి రావడమన్నది లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నోటీసు ఇవ్వడానికి ఆమెను పిలిపించాం. చదివింది. రెండోసారి చదివింది. సంతకం పెట్టింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"అర్జీ మీ చేతులనే పెట్టిన గద సారు."

"పెట్టినవు సిస్టరమ్మా."

"మరి గిదేంది?"

నేను డిస్పాచ్ పుస్తకం మళ్ళీ తెరిచాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. గొడుగు తీసుకుని లేచింది.

"నేను దొంగ లెక్క దాక్కోను. పదిహేను రోజులంటిరి, పదిహేనో రోజు పొద్దుగూకే దాకా నా పని నేను చేస్త. కాళ్ళకు పుండ్లున్నోళ్ళు నలభై మంది ఉన్నరు. వాళ్ళకు కట్లు ఎవరు గడ్తరో గది కూడ మీ కాయితంల రాయుండ్రి" అని వెళ్ళిపోయింది.

అప్పటిదాకా వింటూ కూర్చున్న మా హెడ్ క్లర్కు కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. చెడ్డవాడు కాదు. నా పెళ్ళికి వచ్చి, వంటల దగ్గర నిలబడి పనిచేసినవాడు.

"ఆమె దగ్గర రసీదున్నదా?"

"లేదు."

"ఇన్వర్డుల నంబరున్నదా?"

"లేదు."

"మరెందుకు పరేషాన్ అయితున్నవ్? అర్జీ రాలేదని రాయి. మెమోల వాళ్ళు గదే రాసిన్రు, మనం గదే అంటున్నం. సూపరింటెండెంటు ప్రమోషను ప్యానెల్ల నీ పేరున్నదని యాదున్నదా? గీ నెలల్నే ఫైలు కదులుతది. ఇప్పుడు మెమో పడ్డదంటె నీ బతుకు గీ ఊగే స్టూలు మీదనే."

ఆయన చెప్పింది నాకు అర్థం కాకపోలేదు. ఇప్పుడు పెద్దమనిషిలా మాట్లాడుతున్నాను గాని ఆ సాయంత్రం నేను 'అర్జీ అందినట్టు రికార్డు లేదు' అని డ్రాఫ్టు రాశాను. అబద్ధం ఒక్క అక్షరం లేదందులో. రికార్డు నిజంగానే లేదు. గుమాస్తాగిరీలో మేము నేర్చుకునే విద్య ఇదే, నిజాలతోనే అబద్ధం రాయడం. సంతకానికి పెట్టలేదు. సొరుగులో పెట్టి ఇంటికి పోయాను.

మా ఆవిడ అన్నం పెడుతూ ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె ఏ సలహా ఇవ్వలేదు. "కాయితం దొరికితే ఏం జేస్తవు?" అని ఒక్కటే అడిగింది. దొరకాలి కదా అన్నాను. "దేవులాడకుండనే దొరకదంటున్నవా?" అంది. నాకు కోపం వచ్చింది. నిజమైన మాటకు వచ్చే కోపమది.

మరునాటి నుంచి వెతకడం మొదలుపెట్టాను. బీరువా మొత్తం కింద పోశాను. పాస్‌పోర్టు ఎంక్వైరీల ఫైళ్ళలో పొరపాటున కలిసిందేమోనని దుబాయి కట్టలన్నీ విప్పాను. అవతలి టేబులాయన నా మీద పళ్ళు కొరికాడు. వారం గడిచింది. పది రోజులు గడిచాయి. చివరికి రికార్డు గదిలోకి పోయాను. అక్కడ రికార్డు కీపరు ఉండేవాడు. నిజాం కాలంలో ఉర్దూ మీడియం చదివిన ముసలాయన, ఆ ఏడే రిటైరు కావలసినవాడు. ఏ కాగితం ఏ గుడ్డలో ఉందో ఆయన ముక్కుతో చెప్పేవాడని మా ఆఫీసులో అనుకునేవాళ్ళం.

విషయం చెబితే నన్ను ఎగాదిగా చూశాడు.

"సారు, దసరాకు దేవుని ముంగట పెట్టింది మీరే గద?"

"ఏంది?"

"పాత ఇన్వర్డుల కుంకుమ కాయితం. గట్టేటప్పుడు నేను జూసిన. దేవుని కాయితమేమో, సారు మొక్కు ఉన్నదేమో అని ఎట్లున్నదట్లనే కట్టిన. దేవునిది నేనెట్ల ముట్టుకుంట?"

ఎర్రగుడ్డ ముడి విప్పాడు. మొదటి పేజీలో అర్జీ ఉంది. ఆమె ఫొటో మీద కుంకుమ. మడతలో అక్షింతలు. ఎవరో పెట్టిన జమ్మి ఆకులు నాలుగు ఎండి అతుక్కుని ఉన్నాయి. పోయిందనుకున్నన్నాళ్ళూ దొరకాలని వెతికానా, దొరకకూడదని వెతికానా అంటే ఈ రోజుకీ నాకు తెలియదు. దొరికాక మాత్రం ఒకటే అనిపించింది, ఇక చాలు అని.

సొరుగులోని డ్రాఫ్టు చింపేశాను. తెల్లకాగితం తీసుకుని నా చేత్తోనే రాశాను. ఫలానా రోజున ఆమె నాకు అర్జీ ఇచ్చింది. నంబరు వేయకుండా, రసీదు ఇవ్వకుండా, నేనే పూజలో పెట్టి మరిచిపోయాను. ఆమె తప్పు ఏమీ లేదు. దీనికి నేను బాధ్యుణ్ణి. హెడ్ క్లర్కు చదివి, "నీ ఇష్టం" అని తల పట్టుకున్నాడు. కాని ఎస్పీ గది దాకా నా వెంట వచ్చాడు. ఆ మాట చెప్పకపోతే పాపం.

ఎస్పీ గారు ఉత్తరాది మనిషి, తెలుగు తక్కువ, కోపం ఎక్కువ. కాగితం చదివి, అర్జీ మీద కుంకుమ చూసి, పది నిమిషాలు నన్ను తిట్టారు. తిట్టడం అయ్యాక సిఫారసు రాసి సంతకం పెట్టి, "ఎన్ని రోజులున్నాయి?" అన్నారు.

"ఈ రోజుతో కలిపి మూడు సార్."

"పోస్టులో వద్దు. నువ్వే పో. ఆర్డరు లేకుండా నాకు ముఖం చూపించకు."

మరునాడు తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కాను. హైదరాబాదులో ఆ మెమో పంపిన ఆఫీసు తలుపు తెరిచేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. అక్కడి ఆఫీసరు కోస్తావైపు మనిషి. సన్నగా, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారవిడిచి, ప్రతి కాగితాన్ని అనుమానించడానికే పుట్టినట్టుండేవాడు. అర్జీని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది దసరాకి ఇచ్చిందని ఏమిటి రుజువు? నంబరు లేదు, స్టాంపు లేదు. మొన్న నోటీసు అందాక రాయించి తెచ్చారని నేనంటే మీరేమంటారు?"

జమ్మి ఆకులు చూపించాను. కుంకుమ చూపించాను.

"ఆకు మీద తారీఖు ఉండదండీ" అన్నాడాయన.

బయట వరండాలో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. భోజనాల వేళ అయింది, వాళ్ళు తిని వచ్చారు. నేను లేవలేదు. లేస్తే పోయాడనుకుంటారని భయం. మూడున్నరకు ప్యూను వచ్చి సారు ఇక ఎవరినీ చూడరు, రేపు రమ్మన్నాడు. రేపు అంటే బస్సు ప్రయాణానికి పోగా ఇక మిగిలేది ఏమీ లేదు. ప్యూనును తప్పించుకుని లోపలికి పోయాను. నా ఉద్యోగంలో ఒక ఆఫీసరు గదిలోకి పిలవకుండా పోవడం అదొక్కసారే.

"సార్, ఆకు వద్దు, కుంకుమ వద్దు. కింద నేను రాసిచ్చిన కాగితం చూడండి" అన్నాను.

అద్దాలు పైకి తోసుకుని అప్పుడు చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఇది ఫైల్లో పెడితే మీ సర్వీసు బుక్కులో పడుతుంది. పెన్షన్ దాకా మీ వెంట వస్తుంది. తెలుసా?"

"తెలుసు సార్."

"పెట్టమంటారా?"

"పెట్టమనే వచ్చాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండి, గడువు దాటిందంటే తప్పు ఎవరిదో ఒకరిది కావాలి. ఆవిడది కాకపోతే ఆఫీసుది. ఆఫీసులు ఎప్పుడూ తమదని రాయవు. అందుకే ఇలాంటి కేసులు కదలవు" అన్నాడు. గంట కొట్టి టైపిస్టును పిలిచాడు. నోటీసు ఆపాలని, అర్జీ సకాలంలో అందినట్టే భావించాలని, ఢిల్లీ నుంచి తుది ఉత్తర్వు వచ్చేదాకా ఆమె ఉన్నచోటే ఉండి పని చేసుకోవచ్చని అరపేజీ ఆర్డరు. దాని కింద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు.

నాకు మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆగింది. ప్యానెల్లోంచి పేరు తీశారు, సూపరింటెండెంటు కావడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. బాధ లేదంటే అబద్ధం. నా జూనియరుకు నేను లేచి నిలబడవలసిన రోజులు ఉన్నాయి, ఆ రోజుల్లో అన్నం సహించేది కాదు. కాని ఆ కాగితం మళ్ళీ రాయమంటే మళ్ళీ రాస్తాను, ఈసారి ఇంకా ముందుగా.

ఆర్డరును ఆఫీసులో ఇచ్చి పోస్టు చేస్తే సరిపోయేది. నాకు ఇక పోస్టు మీదా, బీరువాల మీదా, నా మీదా నమ్మకం లేదు. ఆ రాత్రే కరీంనగర్ చేరి, మరునాడు ఎస్పీ గారికి ముఖం చూపించి, కాపీ ఇచ్చి, అట్నుంచే ధర్మపురి బస్సు ఎక్కాను. అది నోటీసులో పదిహేనో రోజు.

ఇన్నేళ్ళలో ఆ ఆసుపత్రికి పోవడం అదే మొదలు. విచారణ రిపోర్టులన్నీ స్టేషనువాళ్ళు పంపితే నేను టేబులు మీద నకలు చేసేవాణ్ణి. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆమె సంతకం పెట్టి ఇచ్చిన పెన్నును నేను ఏనాడూ మళ్ళీ వాడలేదు. ఆమె పోగానే సబ్బుతో చేతులు కడుక్కునేవాణ్ణి. గౌరవం గౌరవమే, భయం భయమే. రెండూ ఒకే మనిషిలో హాయిగా కాపురం చేస్తాయి.

పెంకుల వసారాలో పేషెంట్లు వరసగా కూర్చుని ఉన్నారు. గోదావరి అవతల లక్సెట్టిపేట దిక్కు నుంచి పడవ దాటి వచ్చినవాళ్ళు, గనుల్లో పనిచేసి వచ్చినవాళ్ళు. సిస్టరమ్మ మధ్యలో నేల మీద కూర్చుని ఉంది. ఆమె కట్లు కట్టడం లేదు. పేషెంట్లలోనే వేళ్ళు బాగున్న ముగ్గురిని కూర్చోబెట్టి, ఒకరి కాలు ఒకరు కట్టడం నేర్పిస్తోంది. పదిహేను రోజులుగా అదే పని అట. సామాను సర్దుకోలేదు.

ఆర్డరు ఇచ్చాను. చేతులు తుడుచుకుని చదివింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని జారనివ్వలేదు. వరసలో ఉన్నవాళ్ళంతా ఆమె ముఖం చూస్తున్నారు.

"పోతలేను" అంది వాళ్ళతో. ఒక్క మాట. ఎవరో చప్పట్లు కొట్టబోయారు, వేళ్ళు లేక చప్పుడు రాలేదు. అది చూసి నేను తల దించుకున్నాను.

"నా తప్పే సిస్టరమ్మా. పూజల పెట్టి మరిచిన" అన్నాను.

"మొన్ననే ఎస్పీ సారు ఫోన్ చేయించిండు, ఎరుకైంది. మీరు రాసిచ్చిన్రట గద." ఆర్డరు మడిచి పక్కన పెట్టింది. "నిలబడ్డరేంది సారు? కూసోండ్రి. చేతులు ఖాళీగనే ఉన్నయి గద, గీ కొస పట్టుకోండ్రి."

కట్టుగుడ్డ చుట్ట కొస నా వైపు చాచింది. అవతలి కొస ఒక ముసలమ్మ కాలికి ఉంది. ఆ కాలికి వేళ్ళు లేవు. నా చెప్పుల్లో నా కాళ్ళు వెనక్కి పోదామంటున్నాయి. కూర్చున్నాను. కొస పట్టుకున్నాను. నా వేళ్ళు ఆ ముసలమ్మ మడమకు తగిలాయి. వెచ్చగా ఉంది, మా అవ్వ కాలిలాగే.

ముసలమ్మ నన్నే చూస్తోంది. "సిస్టరమ్మా, సారు చెయ్యి వణుకుతున్నది" అంది.

"కొత్త గదనే. జర సేపైతే ఆగుతది" అంది సిస్టరమ్మ, గుడ్డ చుడుతూ.

ఆగలేదు. కట్టు పూర్తయ్యేదాకా వణుకుతూనే ఉంది. నేను మాత్రం చెయ్యి తీయలేదు.